దూరపు నీళ్లు తియ్యన

విశాఖకు నీళ్లు తేవడంలో మన ప్రణాళికా నిపుణులు పాటిస్తున్న పర్యావరణ సూత్రానికి రావలసినంత పేరు రాలేదు. నది ఎంత దూరాన ఉంటే నష్టం అంత తక్కువ. మనకు కనబడదు కదా!

మొదట ఊరి పక్కన ముడసర్లోవ జలాశయంతో సరిపెట్టుకున్నాం. తర్వాత గోస్తని నది మీద తాటిపూడి, ఆపై మేఘాద్రిగెడ్డ, శారద నది మీద రైవాడ జలాశయాలు. అవీ చాలక కాకినాడ జిల్లా ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ. ఏలేరుకే నీళ్లు తక్కువైతే, పురుషోత్తపట్నంలో మోటార్లు పెట్టి గోదావరిని ఎత్తి పోశాం. పైకప్పులేని కాలువలో ఆవిరైపోయేదాన్ని నష్టమనకూడదు, దారిపొడవునా ఆకాశానికి మనం చేసే దానం. గోదావరి తర్వాత ఏమిటని టెన్షన్ వద్దు. మ్యాపులో పైన మహానది ఉండనే ఉంది.

రైవాడ నీళ్లు తమ పొలాలకే కావాలని అక్కడి రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్లకు మన కార్పొరేషన్‌లో ఓటు లేదు కనుక, సాంకేతికంగా ఇది సమస్య కిందికి రాదు.

2018లో ముడసర్లోవ నీటి మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. కరెంటొస్తుంది, నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది. మంచి పనే, వెటకారం కాదు. నీటిపక్షుల అభ్యంతరాలంటారా, గడువులోగా రాతపూర్వకంగా అందలేదు.

కొందరు సంకుచితులు వాననీళ్ల సంగతి ఎత్తుతారు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో, వెయ్యి చదరపు అడుగుల మేడ మీద 90 వేల లీటర్ల దాకా కురుస్తుందట. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ నీళ్లు మరీ దగ్గర. పైపులు అక్కర్లేదు, శంకుస్థాపనకు చోటుండదు. అందుకే ఊళ్లోని ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ వాగుల్లో వాటికి మురుగును తోడిచ్చి సముద్రానికి సాగనంపుతున్నాం. సముద్రం మాత్రం బాకీ ఉంచుకునే రకం కాదు, తీరం వెంబడి బోర్లలోకి ఉప్పునీళ్లు పంపుతోంది.

ఇంకుడు గుంత ప్లాన్ అప్రూవల్ కోసం తవ్వుతాం, ఫొటో తీస్తాం, టైల్స్ పరిచి కారు నిలుపుతాం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలైతే ఏ అప్రూవలూ లేకుండానే వాననీళ్లు తాగేస్తుంటాయి. 2024లో పొక్లెయిన్లు వెళ్లి వాటికి కాస్త క్రమశిక్షణ నేర్పబోయాయి. గొడవై ఆగింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మేడల మీద పడిన వానను ట్యాంకర్లకెత్తి ఏలేరు జలాశయం ఉన్న ఏలేశ్వరం పంపాలి. అక్కడ కాలువలో పోయించి విశాఖకు రప్పించాలి. అప్పుడవి దూరపు నీళ్లవుతాయి, అనుమతులకు అడ్డుండదు. రానూపోనూ రెండు టెండర్లు.