ఎండాకాలంలో గ్రాఫిక్స్ కార్డు గోల

విజయనగరంలో ఎండలు ముదిరాక కంప్యూటరులో ఆట ఆడటం నరకంగా మారింది. ఆట రసపట్టులో పడగానే ఫ్యాన్లు హోరెత్తుతాయి, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు వేడి 80 డిగ్రీలు దాటుతుంది, తెర నల్లబడిపోతుంది. కార్డు 2 సెకన్లలో స్పందించకపోతే విండోస్ దాన్ని నడిపే సాఫ్ట్‌వేరును, అంటే డ్రైవరును, మళ్లీ మొదలుపెడుతుందే తప్ప, అసలు కారణం చెప్పదు. దుకాణానికి మోసుకెళితే, పక్క మూతైనా విప్పకుండా, విండోస్ కొత్తగా వేయించుకోమంటారు. చివరికి నేనే విప్పి చూస్తే, కార్డు వేడిని గాలికి వదిలే హీట్‌సింక్ రేకుల సందుల్లో దుమ్ము అట్టకట్టి ఉంది. చిప్పు వేడిని ఆ రేకులకు చేర్చే థర్మల్ పేస్టు పెళుసుబారి పొడిగా రాలింది. గాలి ఆడనప్పుడు, చిప్పు వేడి రేకులకు చేరనప్పుడు, విండోస్ ఎన్నిసార్లు వేస్తే ఏం లాభం? అంత డబ్బు పోసి కొనేవారికి దుమ్ము దులుపుకోవాలన్న ఒక్క ముక్క అమ్మేటప్పుడే చెప్పడానికి వీళ్లకు నోరెందుకు రాదు?