మిర్చి చేను మీద బెలూన్ డ్రోన్ లెక్క కుదరదు

పది లీటర్ల స్ప్రే డ్రోన్ నిండు ట్యాంకుతో పదిహేను నిమిషాలు ఎగరడమే కష్టం. హీలియం బెలూన్ కట్టి బరువు తేలిక చేస్తే? కాగితం మీద బాగానే ఉంటుంది. నిండు ట్యాంకుతో 25 కిలోలుండే డ్రోన్‌కు 30 శాతం భారం తగ్గితే గాలిలో నిలబడటానికి కావలసిన పవర్ 40 శాతం తగ్గుతుంది.

ఆ 30 శాతం, అంటే ఏడున్నర కిలోలు, ఊరికే రావు. వానాకాలం 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు హీలియం లేపేది 960 గ్రాములే. బెలూన్ గుడ్డ, తాళ్లు, వాల్వు బరువు పోను ఏడున్నర మిగలాలంటే 11 ఘనపు మీటర్లు నింపాలి. ఏడేసి ఘనపు మీటర్ల సిలిండర్లు రెండు కావాలి, బెలూన్ అడ్డుకొలత 2.75 మీటర్లు అవుతుంది. అంత బుడగ గాలిని చీల్చుకుపోవాలంటే పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. బెలూన్ నున్నటి గోళమనీ, డ్రోన్‌కు ఆరు 30 అంగుళాల రాటర్లు (తిరిగే రెక్కలు) అనీ అనుకుంటే, ఎదురుగాలితో కలిపి సెకనుకు 8 మీటర్ల దగ్గర ఆదాలో సగం పోతుంది. 10 మీటర్ల దగ్గర దాదాపు అంతా పోతుంది. సాలు చివర మలుపులో బెలూన్ ఓ పక్కకు, డ్రోన్ ఓ పక్కకు లాగితే డ్రోన్‌ను దానంతటదే నడిపే ఆటోపైలట్ ఊగిసలాడుతుంది.

ఇవన్నీ సర్దుకున్నా మందు పని చెడుతుంది. ఆకు అడుగున దాగే తెల్లదోమకు, తామర పురుగుకు మందు చేరేది రాటర్లు కిందికి కొట్టే గాలి వల్లే. నిండు ట్యాంకుతో మామూలు డ్రోన్ కొట్టే గాలి వేగాన్ని నూరు అనుకుంటే, ట్యాంకు ఖాళీ అయ్యేసరికి అదే డ్రోన్‌లో 77 ఉంటుంది, బెలూన్ కట్టినదానిలో 55 మాత్రమే. తుంపరలు పక్క చేలోకి కొట్టుకుపోతాయి. ఆ డబ్బుతో ఇంకో జత బ్యాటరీలు, గట్టు మీదికి ఓ జనరేటర్ కొనుక్కోవడం మేలు.

కదలకుండా గంటల తరబడి చూడాల్సిన చోట మాత్రం బెలూన్‌దే పైచేయి. మేడారం జాతరలో జనం మీద కెమెరా నిలపడానికి తోకరెక్కలున్న చేప ఆకారపు బెలూన్, నేల మీద తాడు చుట్టే వించ్, తాడుతోపాటే కరెంటు తీగ చాలు. గుండ్రటిదైతే గాలికి వాలి నేలకు దిగుతుంది. రబ్బరు గుండా హీలియం కారిపోతుంది కాబట్టి పాలియురేథేన్ పూత నైలాన్ వాడాలి. తెల్లవారుజామున నింపేటప్పుడు పదో వంతు వదులు ఉంచాలి, ఎండకు లోపలి వాయువు 25 నుంచి 50 డిగ్రీలకు చేరితే 8 శాతం ఉబ్బుతుంది. దుమారం వచ్చే సూచన కనబడితే ఆగకుండా దించేయాలి.

బయటి గాలి తగలని మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లుల్లో నిల్వలు చూడటానికి చిన్న బెలూన్ డ్రోన్ బాగా పనికొస్తుంది. హైడ్రోజన్ 8 శాతం ఎక్కువ లేపుతుంది నిజమే, కానీ ఇట్టే అంటుకునే వాయువు కాబట్టి దూది ఎగిరే మిల్లులో దాని మాటే ఎత్తొద్దు.