కాస్టిక్ సోడాలో నానబెడితే కోటింగుతో పాటు పార్టూ పోతుంది

ఇంజిన్ పార్టుల మీది పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి వేడితో గట్టిపరిచిన రంగు పూత) తీయడానికి ఒక సలహా బాగా తిరుగుతోంది: "కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టండి, ఏ లోహానికీ ఏమీ కాదు. తొందరైతే గ్యాస్ టార్చ్‌తో కాల్చండి. మిగిలింది ఇసుక బ్లాస్టింగ్‌తో (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడంతో) పోతుంది."

"ఏ లోహానికీ ఏమీ కాదు" అన్నదే అన్నిటికంటే పెద్ద తప్పు. క్రాంక్‌కేస్, క్లచ్ కవర్ లాంటివి చాలా ఇంజిన్లలో అల్యూమినియం పోతలే. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. కోటింగ్ గీసుకుపోయి లోహం బయటపడిన చోటల్లా బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్, నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. పొద్దున తీసి చూస్తే పార్టు నల్లబడి ఉంటుంది: అల్యూమినియం కరిగిపోగా పైన మిగిలిన సిలికాన్, రాగి మసి అది. మసి తుడిస్తే పోతుంది. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మాత్రం గరుకుదేలి ఆయిల్ కారుతుంది, మరలు అరిగి బోల్టు పట్టదు. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే కాస్టిక్ జోలికి పోవద్దు. ఉక్కుకైతే వాడొచ్చు, కానీ పాలియెస్టర్ రకం కోటింగ్ లొంగినంత తేలిగ్గా ఎపాక్సీ రకం లొంగదు. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు.

టార్చ్ మాటకొస్తే, పౌడర్ గట్టిపడేదే 180–200 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కాలి బూడిద కావాలంటే దాదాపు 400 కావాలి. హీట్ ట్రీట్‌మెంట్‌తో బలం తెచ్చుకున్న అల్యూమినియం ఆ వేడికి మెత్తబడుతుంది, పల్చటి కవరు వంకరపోతుంది. ఆ పొగ పీల్చదగ్గదీ కాదు.

బ్లాస్టింగ్‌లో ఇసుక రేణువు సాగే గుణమున్న కోటింగ్ మీద పడి ఎగిరిపోతుంది. పట్టుబట్టి ఒకేచోట కొడితే లోహం గుంటలు పడుతుంది. ఇసుక ధూళి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ఆయిల్ దారిలో చిక్కుకున్న రేణువులు తర్వాత బేరింగును గీసేస్తాయి.

అల్యూమినియానికి హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న జెల్ స్ట్రిప్పరే (పూతను ఊడదీసే జెల్) సరైన దారి. బేరింగులు, సీళ్లు, రబ్బరు విప్పేసి, జిడ్డు కడిగి, జెల్ మందంగా పట్టించి, ఆరిపోకుండా పాలిథిన్ కప్పండి. జెల్ మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకం ఉన్నదైతే కోటింగ్ త్వరగా పొంగుతుంది. అయితే ఆ ద్రావకం ఆవిరి ప్రాణం తీయగలదు, నైట్రైల్ గ్లోవ్స్ నిమిషాల్లోనే దాన్ని లోపలికి వదిలేస్తాయి. బెంజైల్ ఆల్కహాల్ రకానికి గంటలు పడుతుంది, అయినా మా ఓటు దానికే. పొంగిన పొరను ప్లాస్టిక్ గీకుడుతో తీసి, మూలల్లో మళ్లీ పట్టించండి. చివర్లో వేడి సబ్బునీళ్లతో కడిగి, ప్రతి ఆయిల్ దారిలోనూ బ్రష్ దూర్చి గాలి కొట్టండి.