పాత చేతక్ మీద బాత్రూం యాసిడ్ పోయకండి

పాత బజాజ్ చేతక్‌ని బాగుచేయించుకునేవాళ్ళ మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. బాడీ మీద బాత్రూం యాసిడ్ పోసి పావుగంట ఆగాలట. ఇనుప పీచుతో రుద్దితే పెయింటూ తుప్పూ కలిసే ఊడొస్తాయట. వంటసోడా నీళ్ళతో కడిగితే యాసిడ్ విరిగిపోతుందట. ఆరగానే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొడితే ఇక పదేళ్ళు చూసుకోనక్కర్లేదట. ఇందులో పూర్తి నిజం తుప్పు కరగడం, మిగతావి సగం నిజాలో అబద్ధాలో.

‘పెయింటూ ఊడుతుంది.’ బాత్రూం యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది పెయింటుని కరిగించదు. కింద తుప్పు ఉన్నచోట మాత్రం పెయింటు పెచ్చులుగా లేస్తుంది, గట్టిగా పట్టుకున్నచోట అలాగే ఉంటుంది. అది కూడా పోవాలని ఇంకో సీసా పోస్తారు. ఈలోగా బయటపడ్డ రేకుని యాసిడ్ తింటూనే ఉంటుంది. బుడగలు వస్తుంటే బాగా పనిచేస్తోందని సంబరపడతారు గానీ, ఆ బుడగలు హైడ్రోజన్, కరుగుతున్నది మంచి ఇనుము. ఇంజిన్ కేసింగ్ లాంటి అల్యూమినియం భాగాల మీద చిందితే వాటినీ గుంటలు పెడుతుంది.

‘సోడాతో కడిగితే సరి.’ అసలు నష్టం ఈ మాట నమ్మడం వల్లే. సోడా యాసిడ్‌ని విరిచేస్తుంది, కాదనం. యాసిడ్‌లోని క్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. సోడా తగిలినచోట ఉప్పుగా, తగలనిచోట ఐరన్ క్లోరైడ్‌గా మిగులుతుంది. చదునైన రేకు మీదయితే నీళ్ళు ధారాళంగా కొట్టి వదిలించొచ్చు. కానీ చేతక్‌కి విడిగా ఫ్రేమ్ లేదు, వంచిన రేకు బాడీయే ఛాసిస్. కాళ్ళు పెట్టుకునే ఫ్లోర్ కింద అడ్డపట్టీలు స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటాయి. ఆ రెండు రేకుల మధ్య సందులోకి యాసిడ్ తనంతట తానే పాకుతుంది. బ్రష్షూ పోదు, సోడా నీళ్ళూ సరిగ్గా చేరవు. అక్కడి ఉప్పు తేమని లాక్కుని పెయింటు కింద కొత్త తుప్పు పుట్టిస్తుంది. పైన పొక్కులు కనబడేసరికి లోపల అతుకు ఉబ్బి ఉంటుంది.

‘ఫ్యాక్టరీల్లో వాడేదీ ఇదే యాసిడ్ కదా!’ ఇదే. అయితే అక్కడ ఇనుముని తినకుండా ఆపే మందు కలిపి, తొట్టిలో ముంచి, కడిగి, వెంటనే తర్వాతి పూతకి పంపుతారు. పెరట్లో మగ్గుతో పోయడం వేరే సంగతి.

‘రెడ్ ఆక్సైడ్ కొడితే చాలు.’ మామూలు రెడ్ ఆక్సైడ్ తేమని పూర్తిగా ఆపలేదు. పైగా యాసిడ్‌తో కడిగిన రేకు ఆరేలోపే నారింజ రంగు పొర కడుతుంది. విశాఖ, కాకినాడ ఉప్పుగాలిలో మరీ త్వరగా. వేయాల్సింది రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్, అదీ రేకు తేలిన రోజే. పుట్టీ దాని మీదే.

మరి పెయింటు ఎలా తీయాలి? పెయింట్ రిమూవర్ జెల్‌ని మందంగా పూసి, పాలిథిన్ కప్పి, 15-20 నిమిషాలాగి పుట్టీ బ్లేడుతో గీకాలి. ఆరుబయటే చేయాలి. చాలా రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదిలో ఆ ఆవిరి ప్రాణం తీయగలదు. తర్వాత నీళ్ళతో కడిగి, ఆరాక థిన్నర్‌తో తుడవాలి.

తుప్పుకి గ్రైండర్ మీద స్పాంజిలా ఉండే స్ట్రిప్ డిస్క్ వాడండి. వైర్ కప్ (గ్రైండర్‌కి బిగించే తీగల బ్రష్) గుంటల్లోని తుప్పుని తీయదు, పైపైన మెరిపిస్తుంది. మెరిసే నల్లమచ్చలు తుప్పే. ఒకేచోట ఆపి రుద్దితే రేకు వేడెక్కి వంకరపోతుంది. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపేయండి. లోతు గుంటలకి బ్లాస్టింగ్ మేలు, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టించడం. సన్నని గార్నెట్ రాయి పొడితో, 40-50 పీఎస్‌ఐ ఒత్తిడి దాటకుండా, ఏటవాలుగా కొట్టించాలి. ఏటి ఇసుక వద్దు, దాని ధూళి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది.

బ్రాకెట్లు, క్లిప్పుల్లాంటి చిన్న ఇనుప భాగాలకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) బంగారం. లీటరు నీటికి 50-100 గ్రాములు, ఒక రాత్రి నానబెట్టాలి. ఇందులో క్లోరైడ్ లేదు కాబట్టి ఇక్కడ సోడా కడుగు నిజంగానే పనికొస్తుంది. స్ప్రింగులు, హైటెన్సైల్ (బాగా గట్టి ఉక్కు) బోల్టులు మాత్రం ఏ యాసిడ్‌లోనూ వేయకండి, హైడ్రోజన్ చేరి పెళుసై విరుగుతాయి.

ఇప్పటికే యాసిడ్ పోసేసి ఉంటే పెయింటు తొందర వద్దు. అతుకుల్లోకి రెండు వైపుల నుంచీ వేడినీళ్ళు ప్రెషర్‌తో మళ్ళీ మళ్ళీ కొట్టి, ఎండబెట్టి, నాలుగు రోజులు వదిలేయండి. మిగతా రేకు పొడిగా ఉండి అతుకు దగ్గర మాత్రం గోధుమరంగు చెమట కారుతుంటే క్లోరైడ్ ఇంకా లోపలే ఉంది. మళ్ళీ కడగండి. అప్పటికీ ఆగకపోతే స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి పట్టీ ఊడదీయడమే దారి.