అందరినీ ‘క్రిమినాల్’ అనేయకండి

స్పానిష్ నేర్చుకుంటున్న మనవాళ్లలో, నేర్పేవాళ్లలో కూడా, ఒక అలవాటు చూసి చూసి ఇక రాయక తప్పడం లేదు. చట్టం, పోలీసు అనే మాట వస్తే చాలు, జేబుదొంగ నుంచి హంతకుడి దాకా అందరూ ‘క్రిమినాల్’ అయిపోతారు. ఇంగ్లిష్‌లో ఉన్న మాటే, అదే స్పెల్లింగ్, ఇంకేం కావాలి అన్న ధైర్యం. కానీ స్పానిష్‌వాళ్ల చెవికి అది చాలా బరువైన మాట. ‘క్రీమెన్’ అంటే మామూలు మాటల్లో ఘోరమైన నేరం, ఎక్కువగా హత్యే. స్పెయిన్‌లో 1995 శిక్షాస్మృతి నడిచేదంతా ‘దెలీతో’, అంటే నేరం, అనే మాట మీద. అది చేసినవాడు ‘దెలిన్‌క్వెంతె’.

అలాగని దాన్నీ అందరికీ తగిలించకూడదు. సిగ్నల్ దాటి బండి నడిపినవాడు ‘ఇన్‌ఫ్రక్తోర్’, అంటే నిబంధన ఉల్లంఘించినవాడు, అంతే. 14 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు నేరం చేస్తే వాళ్లకు 2000లో వచ్చిన వేరే చట్టం ఉంది, వాళ్లను ‘మెనోర్ ఇన్‌ఫ్రక్తోర్’ అంటారు. ఇక నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది, కాగితాలు లేకుండా ఉంటున్న వలసవాళ్లను దెలిన్‌క్వెంతె అనడం. స్పెయిన్‌లో పర్మిట్ లేకుండా ఉండటం పరిపాలనాపరమైన ఉల్లంఘన. జరిమానా వేయొచ్చు, దేశం నుంచి పంపేయొచ్చు, కానీ అది శిక్షాస్మృతిలోని నేరం కాదు. వీసా గడువు దాటిన మన పిల్లాడి గురించి ఎవరైనా అలా అంటే మనం ఊరుకుంటామా?

కేసు పెట్టగానే మనిషి దోషి అయిపోడని మనకు తెలుసు. మన పేపర్లలో ఎంత పెద్ద కేసైనా తీర్పు వచ్చేదాకా ‘నిందితుడు’ అనే రాస్తారు, రాయాలి కూడా. స్పెయిన్‌లో ఆ స్థానంలో చాలాకాలం ‘ఇంపుతాదో’ అనే మాట ఉండేది. రాజకీయ అవినీతి కేసులు వరసగా వచ్చి, టీవీలో ఇంపుతాదో అని వినగానే వాడు తినేసినట్టే అని జనం తేల్చేయడం మొదలైంది. అందుకే 2015లో చట్టాన్నే సవరించి, దర్యాప్తు జరుగుతున్నంతకాలం ‘ఇన్వెస్తిగాదో’, దర్యాప్తు ముగిసి జడ్జి అధికారికంగా ఆరోపణ మోపాక ‘ఎంకౌసాదో’ అని మార్చారు. మాట మార్చితే జనం మనసు మారిపోతుందా అని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం ఇది సరైన పనే అనిపిస్తుంది. శిక్ష పడ్డాకే ‘కొందెనాదో’. నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగా చూడాలన్న హక్కు అక్కడి 1978 రాజ్యాంగంలోనే, 24వ అధికరణలో ఉంది. దాన్ని భాష కాపాడకపోతే ఇంకేది కాపాడుతుంది?

‘ప్రెసో’, అంటే ఖైదీ, అనే మాట దగ్గర కూడా జాగ్రత్త. జైల్లో ఉన్నవాడల్లా శిక్ష పడ్డవాడు కాదు. విచారణ ముగియకుండానే లోపల ఉన్నవాడు ‘ప్రెసో ప్రెవెంతీవో’, మన భాషలో విచారణ ఖైదీ. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో సగానికి పైగా విచారణ ఖైదీలే కాబట్టి ఈ తేడా మనకు ఇంకెవరికన్నా బాగా అర్థం కావాలి.

చదువుకో, టూర్‌కో వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. బార్సిలోనా మెట్రోలో మీ ఫోన్ కొట్టేసేవాడు ‘కార్తెరిస్తా’, జేబుదొంగ. మీకు తెలియకుండా లాగేస్తే అది ‘ఊర్తో’. బెదిరించో, కొట్టో లాక్కుంటే ‘రోబో’. ఊర్తోలో వస్తువు విలువ 400 యూరోలు దాటకపోతే మామూలుగా జరిమానాతో పోయే చిన్న నేరం, రోబోకు జైలు శిక్ష. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు రోబోకు డబ్బులిస్తాయి, ఊర్తోకు ఇవ్వవు. కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగిందో జరిగినట్టు చెప్పండి, వాళ్లు రిపోర్టులో ఏ మాట రాశారో చదువుకున్నాకే సంతకం పెట్టండి.