అల్మారా మీది వాల్వు రేడియోకు కూలి బాకీ నోటీసు

కాజీపేట
డిసెంబరు 26

మా బాపు కొన్న వాల్వు రేడియో గారికి,

నిన్ను గారు అనాలంటే నోరు వస్తలేదు. అయినా బాపు ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల నీకున్న మర్యాద మాకెవ్వరికీ లేకుండె. మాకు క్రిస్మస్‌కు ఒక్కసారి కొత్త బట్టలు. నీకు మాత్రం అవ్వ కుట్టిన పూల గలేబులు రెండు, ఒకటి ఉతికితే ఒకటి. నీ నాబు తిప్పే హక్కు బాపు ఒక్కనిదే. మేం ముట్టుకుంటే షాకు కొడుతదనేటోడు. వెనుక అట్ట విప్పితే నిజంగనే కొడుతదని మా అన్న ఒకనాడు సొంతంగ తెలుసుకున్నడు.

నీకు ఏడాదికి 15 రూపాయల లైసెన్సు. బాపు షెడ్డుల డ్యూటీ దిగి పోస్టాఫీసుకు పోయి కట్టి, ముద్ర వేయించుకొని, ఆ పుస్తకాన్ని ట్రంకు పెట్టెల మా జ్ఞానస్నాన పత్రాల మీద పెట్టేటోడు. కింద కాదు, మీద. మా కాగితాలు పోతే ఫాదర్ దగ్గర నకలు దొరుకుతదట, నీది పోతే జుర్మానా అట. ఎనభైలల్ల సర్కారే ఆ లైసెన్సు ఎత్తేసినంక సుత ఆయన పుస్తకం పారెయ్యలేదు. మళ్ళ పెడితే?

సరే, అవన్నీ పాత ముచ్చట్లు. ఈ నోటీసు కూలి గురించి.

ఆదివారం మధ్యాహ్నం నాటకం అంటివి. అన్నం తిన్న చేతులు ఆరకముందే ఆరుగురం నీ ముందట చాప మీద కూసునేది. నువ్వు ఇచ్చిందేంది? నాలుగు గొంతులు, కిర్రుమనే తలుపొకటి, మధ్యల ఫిడేలు. మిగిలిన పనంత చేసిందెవరు? కోట మేం కట్టినం. ఖిలా వరంగల్ తప్ప ఇంకో కోట చూసినోళ్ళం కాదు, కాబట్టి నీ నాటకాల్ల ఏ దేశపు రాజైనా కాకతీయుల తోరణం కిందికెల్లే నడిచేటోడు. అక్బరు సుత. రాణికి మొఖం కావాల్నంటే నేను మా లెక్కల టీచరమ్మ మొఖం పెట్టిన. మా అక్క తన దోస్తు మొఖం పెట్టింది. బాపు ఎవరి మొఖం పెట్టిండో అవ్వ అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. ఒక్క రాణికి ఆరు మొఖాలు, ఆరు చీరలు, ఆరు తీర్ల నగలు. ఒక్కరికన్నా ఒక్క పైస కూలి ముట్టిందా?

పైనుంచి ఓవర్‌టైము ఒకటి. ఒక నాటకంల రాజు రాజ్యం వదిలి అడవులకు పోతున్నడు, రాణి ఏడుస్తున్నది. సరిగ్గ అప్పుడే మా క్వార్టర్ల వెనుకనుంచి బొగ్గింజను కూత పెట్టింది. నేను చిన్నోన్ని. రాజు బండెక్కి పోయిండనుకున్న. ఏ టేషన్ల దిగిండో, టికెట్ కొన్నడో లేదో అని ఆ రాత్రంత ఫికరు. చాన ఏండ్లకు అదే కథ పుస్తకంల చదివితే రైలు లేదు. నిజం చెప్పాల్నంటే, రైలు లేని రాజు నాకింకా నచ్చడు.

నీ నఖరాలు సుత తక్కువ కాదు. నాబు తిప్పంగనే పలికితే నీ ఇజ్జత్ పోతదాయె. లోపలి గాజు గొట్టాలు, అవే వాల్వులు, కాగాలె, అద్దం వెనుక పసుపు దీపం వెలగాలె, గుర్రుమనాలె, అప్పుడు మాట. మొదటి డైలాగు పోతదని బాపు పది నిమిషాల ముందే పెట్టేటోడు. దాంతోని నాటకం ముందు చెప్పే పల్లీల ధర, మిర్చి ధర మా పిల్లలకు చిన్నప్పటి సంది నోటికి వచ్చు. పొద్దుగూకినంక ఇంకో లొల్లి. పగటిపూట రేడియో అలలను మింగే పొర ఒకటి ఆకాశంల ఉంటదట, చీకటి పడంగనే అది మాయమైతదట, అందుకే మీడియం వేవ్ మీద దూరం దూరం స్టేషన్లు రాత్రి ఉరికొస్తయట. డిసెంబరుల రాత్రులే పొడుగు. హైదరాబాదు స్టేషన్ 738 కిలోహెర్ట్జ్ మీద నాయిక పానం విడుస్తుంటే ఎక్కన్నో ఏదో భాషల వ్యవసాయం ముచ్చట వచ్చి ఆమె మీద కూసునేది. ఆమె ఎరువు తక్కువై సచ్చినట్టుండేది.

నీ వంశం గొప్ప చెప్పి బెదిరియ్యకు. నిజాం కాలంల 1935ల దక్కన్ రేడియో మొదలైననాడు దాని బలం 200 వాట్లు. ఇయ్యాల మా గల్లీల బరాత్ డీజే అంతకన్న ఎక్కువ మోగుతది, ఒక్క మాట సుత అర్థం కాదు.

నువ్వు మూగబోయి పదిహేనేండ్లు. హనుమకొండల ఒక మెకానిక్ దగ్గరికి మోసుకపోతే, వాల్వు దొరకదు అన్నడు, డబ్బా అమ్ముతరా అని సుత అడిగిండు. హోటల్ల షోకు పెడతరట. అవ్వ అమ్మనియ్యలే. ముందటి బట్ట, స్పీకరు తీయించి, నీ పొట్టల వరిగడ్డి పరిచి, ఏటా క్రిస్మస్‌కు అందులనే పాక పెడుతున్నది. వాల్వులున్న జాగల బాలయేసు, ఇటు మరియమ్మ, అటు జోజప్ప, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మూలకు ఆవు. పాత అద్దం వెనుక చిన్న బల్బు పెడితే స్టేషన్ల గీతలన్ని వెలుగుతయి. ముగ్గురు జ్ఞానులు ఆ వెలుగును పట్టుకొని షార్ట్ వేవ్ దిక్కునుంచి వస్తరు.

మొన్న 24 రాత్రి ఫాతిమా గుడిల పూజకు పోవడానికి ఇంకా టైమున్నది. మా మేనల్లుడు తన ఫోను నీ పొట్టల, ఆవు వెనుక నిలబెట్టి పాత రేడియో నాటకాలు పెట్టిండు. అమెరికావి. పోరడు వాటి మీద పడి రెండేండ్లాయె. బీబీసీ మొదలైన నెలన్నరలనే, 1922 డిసెంబరు 24నాడు, క్రిస్మస్ తాత మీద పిల్లల నాటకం వచ్చిందట. పాత రేడియో నాటకాల్ల మంచు మీద నడిచిన చప్పుడుకు మక్కల గంజిపొడిని సంచిల పోసి పిసికేటోళ్ళట, మంట చప్పుడుకు సెల్లోఫేన్ కాగితం నలిపేటోళ్ళట. "మక్కపిండిని చప్పుళ్ళకు కరాబు చేసిన్రా?" అని అవ్వ ఫికరు చేసింది.

1924 జనవరిల బీబీసీ మీద రిచర్డ్ హ్యూజ్ అనే ఆయన రాసిన నాటకం ముచ్చట సుత చెప్పిండు. బొగ్గుబాయిల దీపాలు ఆరిపోయి మనుషులు చిక్కుకుంటరు, కథంత చీకట్లనే, అందుకే వినేటోళ్ళను సుత దీపాలు ఆర్పుకొని వినమన్నరట. మా బావ గోదావరిఖనిల బాయి పని చేసి రిటైరైన మనిషి. చాయ్ కింద పెట్టి, "ముప్పై ఏండ్లు గా నాటకంలనే ఉన్న బిడ్డా. మాకెవ్వడు చప్పట్లు కొట్టలే. మస్టర్ పడ్డదా లేదా, గదొక్కటే చూసుకునేది" అన్నడు. ఆయన చెప్పింది విన్నంక ఆ ఇంగ్లండు నాటకం మీద నాకు సగం మోజు పోయింది.

ఆఖరుకు ఇంగ్లండు రచయిత డికెన్స్ రాసిన, అప్పులిచ్చే పిసినారి స్క్రూజ్ ఇంటికి దయ్యం వచ్చే కథ పెట్టిండు. లయనల్ బారీమోర్ అనే నటుడు 1934 సంది దాదాపు ప్రతి క్రిస్మస్‌కు ఆ వేషం రేడియోల కట్టేటోడట. "ఏండ్లకేండ్లు ఒకటే కథనా?" అన్నడు బావ. "మరి మన గుడిల ఏటా కొత్త కథ చెప్తున్నరా?" అన్నది అవ్వ.

ఆమెకు ఇంగ్లీషు రాదు. పోరడు మధ్యమధ్యల ఆపి తర్జుమా చేస్తుండు. ఆపుడు ఒకటి నేర్చిన్రు ఇప్పుడు. నీ కాలంల ఒంటికి లేస్తే కథ పోయినట్టే, పోయిన ముక్క పక్కోన్ని బతిమాలి తెలుసుకోవాలె. ఇప్పుడు ఒకరు నీళ్ళకు లేస్తే ఆపు, ఇంకొకరికి పూజకు చీర ఇస్త్రీ, ఆపు. అరగంటల రావాల్సిన దయ్యం గంటంపావు దాక రాలే. చివరికి దీపాలు బందు వెట్టిచ్చిన. నీ అద్దం ఒక్కటి వెలుగుతుంది. మెట్ల మీద గొలుసుల చప్పుడు, దయ్యం అప్పుల పిసినారి తలుపు దాక వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టినం. దయ్యం నోరు తెరవాలె.

"నమస్తే సార్! మీకు ఐదు లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్ అయింది. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

కాల్ కోయబోయి పోరడు పచ్చ బటన్ ఒత్తిండు. వాడు ఆవును పడేసి ఫోను అందుకునే లోపల ఆ పిల్ల వడ్డీ ఎంతనో, ఎన్ని నెలలకనో అంత చెప్పేసింది, బాలయేసు పక్కపొంటి.

మేమంత నవ్వుతున్నం. అవ్వ నవ్వుతలే. చీకట్ల నీ దిక్కే చూసుకుంట, "ఇప్పటిదాక ఇంగ్లీషుల మొత్తుకున్నరు గని, ఇప్పుడు మంచిగ తెలుసొచ్చింది" అన్నది. "అప్పులిచ్చేటాయన బిడ్డెనా ఆమె? గింత రాత్రి సుత తండ్రి దుకాణం నడుపుతున్నది, పాపం, పండుగ పూట." కాదని చెప్పబోయిన పోరన్ని నేను మోకాలు మీద గిచ్చిన.

పూజకు నడిచిపోయేటప్పుడు సుత ఆమె ఆ పిల్ల ముచ్చటే తీసింది. పెండ్లయిందో లేదో అని. మొఖం సుత ఎట్లుంటదో ఆమెకు తెలుసు, సన్నటి మొఖమట, ముక్కుపుల్లట.

కాబట్టి బాకీ పట్టీల ఏడో పేరుగ ఆ పిల్ల మొఖం చేసిన ఖర్చు సుత కలుపుకో. 24 రాత్రికి అవ్వకు మస్టర్ వెయ్యి.

ఇట్లు,
నీ చాప మీది ఆరుగురిల ఒకడు