పిల్లలకు రాసుకునే చోటు కావాలంటే పెద్దవాళ్ళు కొంచెం జరగాలి

బెంగళూరులో అద్దె ఇల్లు చూడడానికి వెళ్తే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కావేరి నీళ్ళు వస్తాయా, బోరేనా? అడ్వాన్స్ ఎన్ని నెలలది? కారు పెట్టుకోవడానికి చోటుందా? వంటగది ఆగ్నేయంలోనే ఉందా? పదకొండేళ్ళలో మేం నాలుగు ఇళ్ళు మారాం. నాలుగుసార్లూ ఇవన్నీ అడిగాను. పిల్ల ఎక్కడ కూర్చుని రాసుకుంటుందన్నది మాత్రం ఒక్కసారీ తలుచుకోలేదు. ఇంట్లో దిగి, సామాన్లు సర్దేశాక ఏ మూల మిగిలితే అదే చదువు మూల అయింది.

రామమూర్తినగర్‌లో ఇప్పుడు మేముంటున్న టూ బీహెచ్‌కేలో ఆ మూల చిన్న బెడ్రూంలో, బీరువాకూ గోడకూ మధ్య ఉంది. పాప మూడో తరగతికి వచ్చినప్పుడు అరలున్న స్టడీ టేబుల్, ఒక కుర్చీ కొన్నాం. వారం రోజులు కూర్చుంది. ఆ తర్వాత పుస్తకాలు పట్టుకుని మళ్ళీ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసింది, నేలమీద బోర్లా పడుకుని రాసుకోవడానికి. ఇంత డబ్బు పోసి కొంటే వాడవేం అని కోప్పడ్డాను. తప్పు పాపది కాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఒక ఆదివారం టేపు తీసి కొలిచాను. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ 45. పెద్దవాళ్ళకు సరిపోయే కొలతలు అవి. పాప ఎత్తు అప్పటికి 128 సెంటీమీటర్లు. యూరప్‌లో స్కూలు ఫర్నిచర్‌కు ఈఎన్ 1729 అని ఒక ప్రమాణం ఉంది. 119 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కుర్చీ 35, బల్ల 59 సెంటీమీటర్లు ఉండాలని అందులో ఉంది. అంటే మా బల్ల పాపకు 16 సెంటీమీటర్లు ఎక్కువ. కాళ్ళు నేలకు ఆనవు. మోచేతులు బల్ల మీదికి రావాలంటే భుజాలు ఎత్తి కూర్చోవాలి. ముఖం నోట్‌బుక్‌కు జానెడు దూరంలోకి వచ్చేస్తుంది. అలా పావుగంట కూర్చుంటే మనకే మెడ పట్టేస్తుంది, ఎనిమిదేళ్ళ పిల్ల లేచిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది?

దీనికి కొత్త బల్ల కొననక్కర్లేదు. కుర్చీ మీద ఆరు సెంటీమీటర్ల గట్టి దిండు వేసి, కాళ్ళ కింద 16 సెంటీమీటర్ల ఎత్తున్న పీట పెడితే లెక్క సరిపోతుంది. మా ఇంట్లో వాడకుండా పడి ఉన్న చెక్కపీట ఆ పనికి వచ్చింది. నేలమీద రాయడం అలవాటైన పిల్లలకు వాలుగా ఉండే చిన్న రాతబల్ల చాలు. మన పెద్దలు నేలమీద కూర్చుని చదివేవాళ్ళే కానీ, పుస్తకం వ్యాసపీఠం మీద ఉండేది. మనం వ్యాసపీఠాన్ని వదిలేసి నేలను మాత్రం ఉంచుకున్నాం. పిల్లల నడుం, మెడ వంగిపోయేది అక్కడే.

తర్వాతి సంగతి వెలుగు. బెంగళూరులో ముప్ఫై-నలభై అడుగుల సైటులో ఇంచు వదలకుండా నాలుగంతస్తులు లేపేస్తారు. మా చిన్న బెడ్రూం కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి అందుతుంది. పట్టపగలే లైటు వెయ్యాలి. ఆ ట్యూబ్‌లైటేమో పాప వీపు వెనక గోడకుంది, బల్ల తూర్పు గోడకు ఆనించి ఉంది. చదివేటప్పుడు ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉండాలన్న నమ్మకంతో నేనే అలా పెట్టించాను. ఆ నమ్మకాన్ని ఎవరూ వదులుకోనక్కర్లేదు. కానీ వెలుగు వెనక నుంచి వస్తే రాసే కాగితం మీద పిల్ల నీడే పడుతుంది. చదువుకునే బల్ల మీద సుమారు 300 లక్స్ వెలుగు ఉండాలంటారు. ఫోన్లో యాప్ పెట్టి చూస్తే మా బల్ల దగ్గర 70 దాటలేదు. ఫోన్ కొలత కచ్చితమైనది కాకపోయినా, తేడా ఎంతుందో తెలిసిపోయింది. ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంప్ ఒకటి ఎడమ పక్కన పెట్టాం, పాప కుడిచేత్తో రాస్తుంది కాబట్టి. ఎడమచేతి వాటం పిల్లలకైతే కుడి పక్కన పెట్టాలి. ఇంటి ఓనర్లు గోడకు మేకు కొట్టనివ్వరు గనుక క్లిప్పుతో బల్లకే బిగించే ల్యాంప్ నయం.

ఇంత చేశాక కూడా పాప సగం రోజులు వంటింటి గుమ్మం దగ్గరికే వచ్చింది. ఈసారి కోప్పడలేదు. నేను అక్కడున్నాను కాబట్టి వచ్చింది. కన్నడ పాఠం పైకి చదువుతూ ఒక అక్షరం దగ్గర ఆగితే, తెలుగు లిపికి దగ్గరే కదా అని నేను పోల్చుకుని చెబుతాను. నా ఉచ్చారణ తప్పయితే తను దిద్దుతుంది. ఆ వయసు పిల్లలకు తలుపేసిన గదిలో ఒంటరిగా కూర్చోవడం శిక్షలా అనిపిస్తుంది. ఆగిపోయిన చోట చెయ్యందించే మనిషి దగ్గర్లో ఉండడమే వాళ్ళకు చదువు చోటు.

చిన్నపిల్లలకు అసలు అంత పెద్ద ఏర్పాటు కావాల్సి రావడం కూడా ఆలోచించాల్సిన విషయమే. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండకూడదు. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట, ఆపైన రోజుకు రెండు గంటలు. ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని మద్రాస్ హైకోర్టు 2018లోనే సీబీఎస్‌ఈ స్కూళ్ళ విషయంలో చెప్పింది. వారానికి రెండు గంటలంటే ఐదు రోజుల్లో రోజుకు 24 నిమిషాలు. ఆ కాసేపు రాసుకోవడానికి డైనింగ్ టేబుల్ చివర చాలు. మా పాప డైరీలో మాత్రం రోజూ మూడు సబ్జెక్టుల రాతపని ఉండేది. పేరెంట్స్ మీటింగ్‌లో పాలసీ సంగతి ఎత్తితే, మిగతా తల్లిదండ్రులే ఇంకా ఇమ్మంటున్నారని టీచరు చెప్పింది. ఆమె మాటలో అబద్ధం లేదు. స్కూలు మోసే బరువును మనమే అడిగి మరీ ఇంటికి తెచ్చుకుంటున్నాం, తర్వాత దాన్ని దించే చోటు లేదని బాధపడుతున్నాం.

పెద్ద క్లాసుల పిల్లల సంగతి వేరు. వాళ్ళకు తలుపున్న గది నిజంగా కావాలి, ఈ నగరంలో ఆ గదికి గట్టి పోటీ ఉంది. మారతహళ్ళిలో మా చెల్లెలి కొడుకు పోయినేడు పదో తరగతి. 2020లో ఇంటికి వచ్చిన ఆఫీసు మా మరిది విషయంలో పూర్తిగా వెనక్కి వెళ్ళలేదు. రెండో బెడ్రూంలోని మంచి బల్ల, నడుముకు ఆనే మంచి కుర్చీ, వైఫై బాగా అందే మూల, మూడూ ఆయనవే. అమెరికా వాళ్ళతో కాల్స్ సాయంత్రం ఏడింటికి మొదలవుతాయి. పిల్లవాడు లెక్కలు తెరిచేదీ అప్పుడే. వాడు హాల్లోకి వచ్చేవాడు. హాల్లో టీవీ ఉంటుంది.

ఆ టీవీ గురించి తేలిగ్గా మాట్లాడలేను. మా అత్తగారు అనంతపురం నుంచి వస్తే ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్ళు చూస్తుంది. చుట్టూ అంతా కన్నడం మాట్లాడే వీధిలో ఆమెకు తెలుగు వినబడేది ఆ రెండు గంటలే. కానీ శబ్దం పిల్లల్ని ఏం చేస్తుందో తెలిశాక ఊరుకోలేకపోయాను. న్యూయార్క్‌లో హైవేకు సరిగ్గా పైన కట్టిన 32 అంతస్తుల అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని కోహెన్, గ్లాస్, సింగర్ అనే పరిశోధకులు పరీక్షించి 1973లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ నాలుగేళ్ళకు పైగా ఉన్నవాళ్ళలో, రొద ఎక్కువగా వినబడే కింది అంతస్తుల పిల్లలు దగ్గరి ధ్వనులున్న మాటల మధ్య తేడా పట్టడంలో, చదవడంలో పైఅంతస్తుల వాళ్ళకంటే వెనకబడ్డారు. ఆ రొద మధ్య బతకడానికి చెవి అలవాటు పడి, వినాల్సిన మాటను కూడా వదిలేస్తుందన్నది వాళ్ళ వివరణ. ‘మా వాడికి అలవాటే, టీవీ పెట్టినా చదువుకుంటాడు’ అని మనం గొప్పగా చెప్పుకునే అలవాటు ఇలాంటిదేనేమోనని నా భయం. అత్తగారికి హెడ్‌ఫోన్స్ తెచ్చాం. మొదట నామోషీగా భావించింది. ఎందుకో పాపే వివరించి చెప్పాక పెట్టుకుంది.

చెల్లెలి ఇంట్లో దొరికిన పరిష్కారం ఇంకా సులువైనది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది, మాస్టర్ బెడ్రూం, ఖాళీగా ఉంటుంది. పెద్దవాళ్ళు పడుకోవడానికే దాన్ని అట్టిపెడతారు. అక్కడ కాళ్ళు మడిచే బల్ల ఒకటి వేసి, ఆ మూడున్నర గంటలూ గది వాడిదేనని చెప్పారు. ఇస్త్రీ బట్టల కోసమో చార్జర్ కోసమో మధ్యలో తలుపు తియ్యకూడదన్న నియమం పెట్టుకోవడమే అన్నిటికన్నా కష్టమైందని చెల్లెలు అంటుంది. వాళ్ళు ఖర్చుపెట్టింది ఆ బల్లకే. మిగతాదంతా సర్దుబాటు.

ఇంకో మాట. స్కూలు బస్సు దిగిన పిల్లల్ని నేరుగా బల్ల దగ్గర కూర్చోబెట్టడం మానాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో స్కూలు రోజుల్లో పిల్లల్ని అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చి మూడేళ్ళు గమనించారు. కొత్తగా మయోపియా, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనబడే చూపు లోపం, వచ్చినవాళ్ళు ఆ గుంపులో 30.4 శాతం, మామూలు గుంపులో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితం ఇది. బెంగళూరులో చలికాలంలోనూ దాదాపు ఆరింటి దాకా ఎండ ఉంటుంది. ఆ ఎండ పిల్లలదే. హోంవర్క్ దీపం పెట్టాకే.

ఇప్పటిదాకా రాసిందంతా రెండు గదులున్న ఇళ్ళ గురించే. మా వీధి చివర కొత్త బిల్డింగ్ లేస్తోంది. అక్కడి రేకుల షెడ్లలో మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి పనికొచ్చిన కుటుంబాలున్నాయి. ఒక్కో షెడ్డులో ఒకటే బల్బు, దాని కిందే వంట, పడక. ఆ ఇళ్ళలో ఎవరు ఎటు జరిగినా చోటు పుట్టదు, అది బయటి నుంచే రావాలి. కరోనా కాలంలో, 2020 ఆగస్టులో, కర్ణాటక ప్రభుత్వం విద్యాగమ అనే కార్యక్రమం పెట్టినప్పుడు టీచర్లే వాడల్లోకి వెళ్ళి గుడి మండపాల్లో, చెట్ల కింద పాఠాలు చెప్పారు. రెండు నెలలకే అది ఆగిపోయింది. కానీ పాఠానికి చోటు ఎక్కడైనా దొరుకుతుందని అప్పుడు అందరం చూశాం. అపార్ట్‌మెంట్లలో పార్టీ హాళ్ళు సోమవారం నుంచి శుక్రవారం దాకా తాళం వేసే ఉంటాయి.

మా అసోసియేషన్‌లో అడిగితే మూడు మీటింగుల తర్వాత వారానికి రెండు సాయంత్రాలు ఒప్పుకున్నారు. షెడ్ల పిల్లలు, మా వాచ్‌మన్ కూతుళ్ళు కలిపి పదకొండు మంది వస్తున్నారు. హాల్లో ఉన్న బల్ల టేబుల్ టెన్నిస్‌ది ఒక్కటే. దాని ఎత్తు 76 సెంటీమీటర్లు, చిన్నవాళ్ళు నిలబడి రాస్తున్నారు. వచ్చే నెల మీటింగ్‌లో నాలుగు పొట్టి బల్లలు అడగబోతున్నాను. కొలత రాసి పెట్టుకున్నాను, 59 సెంటీమీటర్లు.